అట్టముక్క నేర్పిన పాఠము

పుస్తకమున చదివిన గణితము చేతికి వచ్చినదని నమ్ముట మావంటి బడిపంతుళ్లకు సహజమైన భ్రమ. అది మాకు నలువదియేండ్లు దాటిన పిమ్మట, ఒక వేసవి సెలవులలో, ఇంగ్లండునందలి మా తమ్ముని యింటి షెడ్డులో తొలగినది.

తమ్ముడు తీరికవేళల నొక చిన్న స్పోర్ట్సు కారును స్వహస్తములతో నిర్మించుకొనుచుండెను. ఆ దేశమున నిది వింత కాదు. 1957లో కోలిన్ చాప్మన్ లోటస్ సెవెన్ అను తేలికబండిని వెలువరించెను. దానిని విడిభాగములుగా కొని యింట బిగించుకొన్నచో ఆనాడు కొనుగోలుపన్ను తప్పెడిది. 1996లో రాన్ ఛాంపియన్ అను ఉపాధ్యాయుడు 250 పౌనులకే స్పోర్ట్సు కారు కట్టుకొనవచ్చునని పుస్తకము వ్రాసెను. అటుపిమ్మట పాతకారు ఇంజను తీసి, చదరపు ఉక్కుగొట్టములతో ఛాసిస్ అతుకుకొను ఔత్సాహికులు పెక్కుమంది బయలుదేరిరి. గ్రంథకర్త ఉపాధ్యాయుడని విన్నంతనే మాకును ఉత్సాహము పొంగినది. నేలరేకులను, నడిమి సొరంగపు రేకులను మేమే రూపొందింతుమని పూనుకొంటిమి.

నేలరేకు కాలు మోపుటకు మాత్రమే కాదు. నాలుగు గొట్టముల చట్రము మూలలవద్ద ప్రక్కకు ఒరగజూచును. రేకును దానికి బిగించినచో ఆ ఒరుగుడు ఆగును. సొరంగము ముందు గేరుబాక్సుకొరకు వెడల్పై, వెనుకకు సన్నగిలును. అందులో ప్రొపెల్లరు షాఫ్టు తిరుగుచుండును. ఇంజను వేగము నేరుగా అందు గేరులో, నిమిషమునకు 3000 చుట్లనగా, క్షణమునకు 50 చుట్లు. గతుకులలో వెనుక ఇరుసుతోపాటు షాఫ్టు కొసయు లేచును గనుక పైన ఖాళీ విడువవలెను. ఆ షాఫ్టుకును కూర్చున్నవారి మోకాలికిని నడుమ నున్నది ఆ సొరంగమే.

తమ్ముని కుమార్తె పదునారేండ్ల పిల్ల. "పెదనాన్నా, ముందు అట్టతో కోసి చూచుకొందమా?" అని యడిగినది. అట్టలాటలు పిల్లలకు, మాకు లెక్క యున్నదని నవ్వితిమి. ఆడపిల్లకు రేకుపని యేల యనియు మనసున ననుకొంటిమి. సభలలో స్త్రీవిద్యనుగూర్చి యుపన్యసించునది మేమే!

1.5 మిల్లీమీటర్ల అల్యూమినియము రేకుపై వెలుపలి కొలతలన్నియు కూడి, గీచి, కోసి, రంధ్రములు సైతము తొలిచి, రెండు ప్రక్కల మడచితిమి. రంధ్రమొక్కటియు గొట్టముల రంధ్రములతో కలియలేదు. లోహము మూలవద్ద చదరముగా తిరుగదు, గుండ్రముగా తిరుగును. గుండ్రని దారి మూలదారికంటె దగ్గర. లోపలి వ్యాసార్ధమును 1.5 మిల్లీమీటర్లే యైనచో, ఒక్కొక్క నిలువుమడతకు సుమారు 2.7 మిల్లీమీటర్లు తగ్గించి కోయవలెను. మేము తగ్గింపలేదు, మూత అంతమేర వెడల్పైనది.

రేకు ఖరీదు తలచుకొని, "రంధ్రములను కొంచెము పెద్దవి చేసిన సరిపోవును" అంటిమి. పిల్ల మెల్లగా, "ఆ ప్రక్కసీటులో కూర్చుండునది నేనే కదా, పెదనాన్నా" అన్నది. మాకు నోట మాట రాలేదు.

మరునాడు అట్ట ఆమె చేతిలోనే యున్నది. హ్యాండుబ్రేకు ఎక్కడ తగులునో, గేరుకర్ర ఎంత దూరము ఊగునో అట్ట చూపినది. మా చిత్రపటమున ఆ రెండును లేవు. పనికిరాని రేకుముక్క నొకదానిని మడచి, మడతకెంత పోవునో కొలిచి, ఆ తరువాతనే క్రొత్తరేకును కోసినది. అల్యూమినియమును ఉక్కును తడిలో ఆనియున్నచో అల్యూమినియము తినిపోవును గనుక, గొట్టములకు రంగు వేసి, నడుమ సీలెంటు పూసి రివెట్లు దిగగొట్టిరి. గేరుబాక్సు పైమూతకు మాత్రము, విప్పుటకు వీలుగా, మరలు పెట్టిరి. షాఫ్టు విరిగినచో పలుచనిరేకు ఆపజాలదని తమ్ముడు ముందుకొస చుట్టును ఉక్కుపట్టె నొకటి బిగించెను.

శుల్బమనగా త్రాడు. ఆ త్రాటితో వేదికలు కొలిచిన శుల్బసూత్రములను మేము ఏండ్లతరబడి పిల్లలకు వివరించితిమి. త్రాటిని మాత్రము ఒక్కనాడును పట్టలేదు. చేతిపని తక్కువవారిదని, పనిముట్టు మగవానిదని యెంచిన మన యిండ్లలో ఇట్టి పాండిత్యమే పెరిగినది.

చెడిన రేకునుండి యొక ముక్కను తెచ్చి తరగతిగదిలో మా బల్లపై నుంచితిమి. ఈ యేడు క్షేత్రగణితపు తొలిపాఠమున సుద్దముక్క పట్టక పూర్వమే పిల్లలకు అట్టయు కత్తెరయు పంచితిమి. మొదటి కత్తెర ఆడపిల్లల వరుసకే ఇచ్చితిమి.