ఆకుపచ్చని నరకానికి టిక్కెట్టు

జర్మనీ పశ్చిమ భాగంలో, బెల్జియం సరిహద్దుకు చేరువగా, ఐఫెల్ అనే కొండల ప్రాంతమున్నది. దట్టమైన అడవులు, పచ్చిక బయళ్లు, అక్కడక్కడ చిన్న చిన్న ఊళ్లు. ఒక శిఖరం మీద పన్నెండవ శతాబ్ది నాటి కోట శిథిలమై నిలిచివున్నది. దాని పేరు నూర్బుర్గ్. ఆ కోట చుట్టూ కొండలెక్కుతూ, లోయలు దిగుతూ, బయలుదేరిన చోటికే తిరిగి చేరే 20.8 కిలోమీటర్ల బాట ఒకటున్నది. దానినే నూర్బుర్గ్‌రింగ్ ఉత్తర వలయమంటారు. కార్ల మీద మోజున్నవారికి ఇంతకు మించిన యాత్రాస్థలం మరొకటి లేదు.

ఈ స్థలానికున్న విశేషమేమంటే, పందేల కోసం కట్టిన ఈ బాట మీద టిక్కెట్టు కొనుక్కున్న వారెవరైనా తమ సొంత కారును తామే నడుపుకొని పోవచ్చు. ప్రజలకు తెరచివుంచిన వేళల్లో, చట్టం దృష్టిలో, ఇది సుంకం చెల్లించి ప్రయాణించవలసిన ఏకదిశ రహదారి మాత్రమే. మామూలు రోడ్డు నియమాలన్నీ వర్తిస్తాయి. కారుకు నంబరు పలక ఉండాలి. ముందున్న వాహనాన్ని కుడివైపు నుంచి దాటరాదు. గడియారం పెట్టి పందెం వేసుకోరాదు. ఈ చివరి నియమాన్ని ఎందరు పాటిస్తారన్నది వేరే సంగతి. పని దినాల్లో పగటిపూట కార్ల కంపెనీలు తరచు బాటను అద్దెకు తీసుకొని తమ కొత్త నమూనాలను పరీక్షించుకుంటాయి. వారు వెళ్లిపోయిన సాయంకాలాల్లోనూ, సెలవు దినాల్లోనూ డోటింగర్ హోహె వద్ద అడ్డుకర్ర పైకి లేస్తుంది.

అక్కడ బారులు తీరే వాహనాల్లో సంసారపక్షపు కార్లూ ఉంటాయి, అద్దె కార్లూ ఉంటాయి. వాటి మధ్య మరొక జాతి ప్రత్యేకంగా కంటపడుతుంది. వెనుక ఎత్తైన రెక్క, లోపల వెనుక సీట్ల చోట ఉక్కు గొట్టాల చట్రం, నేలను తాకుతున్నదా అనిపించే ముందు అంచు. వీటన్నిటితో పాటు నిక్షేపంగా నంబరు పలక. ఇది అచ్చమైన రేసు కారు కాదు, రోజూ ఆఫీసుకు వెళ్లే కారూ కాదు. ఒక స్పోర్ట్స్ కారును కంపెనీ వారే పందెపు బాటకు అనువుగా సానబట్టి, రోడ్డు మీద నడిపే హక్కును మాత్రం పోగొట్టకుండా అమ్మే రూపాంతరం. అసలు కారు కంటే దీని ధర ఎక్కువ, సుఖం తక్కువ. అయినా కొనేవారు బారులు తీరుతారు. వారికి కావలసినదేమిటి?

ఆ ప్రశ్నకు సమాధానం ముందుగా ఈ బాటనే అడగాలి. 1925లో, ఐఫెల్ ప్రాంతపు నిరుద్యోగులకు పని కల్పించే ఉద్దేశంతో దీని నిర్మాణం మొదలైంది. 1927 జూన్‌లో పందేలు ఆరంభమయ్యాయి. కొండ ఎటు వంగితే బాట అటు వంగింది. లెక్కకు 73 మలుపులు. అత్యంత పల్లపు చోటుకూ అత్యంత ఎత్తైన చోటుకూ మధ్య దాదాపు 300 మీటర్ల తేడా. ఒకచోట బాట లోయలోకి జారిపోయి, అడుగున ఒక్కసారిగా పైకి లేస్తుంది. అక్కడ స్ప్రింగులు పూర్తిగా అణగిపోతాయి. కరుసెల్ అనే మలుపులో లోపలి అంచున కాంక్రీటు పలకలతో గిన్నెలా వాలుగా కట్టిన దారి ఉన్నది. చక్రాలు అందులోకి దిగినప్పుడు కారులోని ప్రతి మరా తన ఉనికి చెప్పుకుంటుంది. ఫ్లాన్స్‌గార్టెన్ వద్ద వేగంగా వచ్చిన కారు కొంత దూరం నేలను వదిలిపెడుతుంది. ఇక వాతావరణం సంగతి. ఒక కొండ మీద ఎండ కాస్తూండగా అవతలి కొండ మీద వాన కురవడం ఇక్కడ సామాన్యం.

1968లో వానలోనూ పొగమంచులోనూ ఇక్కడ జరిగిన జర్మన్ గ్రాండ్ ప్రీని స్కాట్లండు దేశస్థుడు జాకీ స్టివర్ట్ నాలుగు నిమిషాలకు పైబడిన ఆధిక్యంతో గెలిచాడు. గెలిచిన ఆ మనిషే ఈ బాటకు ‘ఆకుపచ్చని నరకం’ అని పేరు పెట్టాడు. 1976 ఆగస్టు 1న బెర్గ్‌వెర్క్ సమీపంలో నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకొని, ఆయన చావు అంచుల దాకా వెళ్లివచ్చాడు. ఫార్ములా వన్ మళ్లీ ఈ ఉత్తర వలయంలో అడుగుపెట్టలేదు. పక్కనే మరొక పొట్టి ట్రాకు కట్టి 1984లో ప్రారంభించారు.

ఇటువంటి బాట మీద ఉత్త వేగం చాలదు. వేగాన్ని పదే పదే అణచి, మళ్లీ మళ్లీ పుట్టించగల ఓర్పు కావాలి. మామూలు స్పోర్ట్స్ కారు మొదటి చుట్టు బాగానే తిరుగుతుంది. రెండవ చుట్టులో బ్రేకుల ద్రవం మరిగి పెడల్ మెత్తబడుతుంది. ఆ పైన ఇంజను నూనె కాగిపోతుంది. ఔత్సాహికుడి మొదటి కోరిక కనుక చాలా లౌకికమైనది: పదవ చుట్టులో కూడా బ్రేకు మొదటి చుట్టులో పట్టినట్లే పట్టాలి. రెండవది, అరిగిన భాగాలను మార్చుకొనే స్తోమతు తనకు మిగలాలి. పింగాణీ మిశ్రమంతో చేసిన బ్రేకు పళ్లేలు తేలికైనవి, గొప్పవి. కాని వాటిని మార్చే ఖర్చు వినగానే ఎందరో అనుభవజ్ఞులు ఇనుప పళ్లేలనే కోరుకుంటారు. ఈ రెండు కోరికలూ ప్రకటనల్లోని రంగుల బొమ్మల్లో కనిపించవు.

మూడవ కోరిక బరువు తగ్గించడం. ఈ సంప్రదాయానికి మూలపురుషుడి వంటిది 1972 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో కనిపించిన పోర్షె 911 కరెరా ఆర్ఎస్ 2.7. పందేల్లో పాల్గొనడానికి అర్హత కావాలంటే 500 కార్లు తయారుచేసి అమ్మాలని నిబంధన. ధర 34,000 మార్కులు. అన్ని కార్లు అమ్ముడుపోతాయా అని కంపెనీలోనే సందేహించారు. చివరికి 1,580 అమ్ముడయ్యాయి! అందులో 200 మంది మరొక 700 మార్కులు అదనంగా చెల్లించి మరింత తేలిక రకాన్ని అడిగి తీసుకున్నారు. ఆ అదనపు సొమ్ముకు వారికి దక్కినదేమిటని చూస్తే నవ్వు వస్తుంది: వెనుక సీట్లు లేవు, తివాచీ లేదు, గడియారం లేదు, కోటు తగిలించుకొనే కొక్కెం లేదు, మోచేతికి ఆసరా లేదు. కారు బరువు 960 కిలోలకు దిగింది. డబ్బిచ్చి లేమిని కొనుక్కోవడమనే ఈ వింత బేరం అప్పటినుంచీ సాగుతూనే ఉన్నది. వారు చెల్లించినది లేమికే అయినా, పొందినది మరొకటి. పలచని రేకు, పలచని అద్దం అడ్డు తొలగించిన కొద్దీ రోడ్డు మాట నేరుగా చేతికీ, వీపుకూ వినిపిస్తుంది.

ఇక్కడే కంపెనీ దారి ఒకటి, ఔత్సాహికుడి దారి ఒకటి అయ్యాయి. కంపెనీకి కావలసినది ఒక అంకె. 1999లో మొదటి 911 జీటీ3 ఈ వలయాన్ని వాల్టర్ రోర్ల్ చేతిలో 7 నిమిషాల 56.33 సెకన్లలో చుట్టివచ్చింది. 2022 అక్టోబరులో యోర్గ్ బెర్గ్‌మైస్టర్ జీటీ3 ఆర్ఎస్‌ను 6 నిమిషాల 44.848 సెకన్లలో నడిపాడు. 23 ఏళ్లలో 71 సెకన్లకు పైగా తరిగిపోయాయి. గంటకు 285 కిలోమీటర్ల వేగంలో ఆ కొత్త కారు రెక్కలు గాలి చేత దానిని 860 కిలోల బరువుతో నేలకు అదిమిపెడతాయి. గాలి దారి కోసం ముందున్న సామాన్ల అర కూడా రేడియేటరుకు సమర్పితమైంది. చక్కని సాధనే, సందేహం లేదు. అయితే ఆ కారు ఆటోమేటిక్ గేరుపెట్టెతోనే వస్తుంది.

గేరు కర్ర మీద జరిగిన వాదం చిన్నది కాదు. 2013లో కొత్త జీటీ3 వచ్చినప్పుడు పోర్షె అందులో చేతి గేర్లను పూర్తిగా తీసివేసింది. యంత్రం మనిషి కంటే వేగంగా గేరు మారుస్తుంది. గడియారం దానినే మెచ్చుతుంది. కనుక మూడవ పెడల్‌కు చోటు లేదు. లెక్క తప్పు కాదు. కాని ఏళ్ల తరబడి ఆ కారునే ఆరాధించినవారు కోపగించుకున్నారు. తాము చేసే పనిని యంత్రానికి అప్పగించి మిగిల్చిన సెకన్లు తమకెందుకని వారి ప్రశ్న. 2016లో కంపెనీ 911 ఆర్ పేరిట చేతి గేర్లు గలిగి, నిలువెత్తు రెక్క లేని తేలిక కార్లను 991 మాత్రమే తయారుచేసింది. అవి ప్రకటిత ధరను ఎంతగానో మించి చేతులు మారాయి. 2017లో జీటీ3కి చేతి గేర్లు తిరిగివచ్చాయి, అదనపు ధర లేకుండా.

911 ఆర్ కథలో మరొక చేదు కూడా ఉన్నది. ధర పెరిగిన కొద్దీ వాటిలో చాలా కార్లు నగల మాదిరిగా దాపుళ్లలోకి వెళ్లిపోయాయి. నడపడానికే పుట్టిన కారు కిలోమీటరు తిరిగితే విలువ తగ్గుతుందని కదలకుండా నిలబడివున్నది! నిజమైన ఔత్సాహికుడికి చేతి గేర్లు లేకపోవడం కన్న పెద్ద దుఃఖం ఇదే. మనసెరిగి తయారుచేసిన కారు చివరికి మనసున్నవాడికి అందకుండా పోతుంది. అతడు అడిగేది అరుదైన కారు కాదు, అరగదీయగల కారు.

కాలం చేసిన చమత్కారం చూడండి. 2025లో పోర్షె సరికొత్త జీటీ3ని ఆరు చేతి గేర్లతోనే ఈ వలయానికి తెచ్చింది. బెర్గ్‌మైస్టరే నడిపాడు. 6 నిమిషాల 56.294 సెకన్లు. ఆటోమేటిక్ గేర్లతో దాని ముందు నమూనా తీసుకున్న కాలం కంటే అది మూడున్నర సెకన్లు తక్కువ. పాత వాదంలో ఎవరు గెలిచారో చెప్పడం ఇప్పుడు కష్టం.

ఈ కోరిక జర్మనీకే పరిమితమైనది కాదు. మద్రాసు సమీపంలోని షోలవరంలో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల దారి మీద పందేలు జరిగిన దశాబ్దాల్లో, మన దేశపు ఔత్సాహికులు ఫియట్, హెరాల్డ్ కార్లను సొంత షెడ్లలో సానబట్టుకొని తెచ్చేవారు. కంపెనీ అమ్మనిది చేతులతో చేసుకున్నారు. నేడు జర్మనీలో తయారైన జీటీ3 మన ఊళ్లలోనూ అరుదుగా కనబడుతుంది. దాని ముందు ఇరుసును మీట నొక్కి పైకి లేపే ఏర్పాటు కోరిన వారికి అమరుస్తారు. యూరప్‌లో అది నేలమాళిగల వాలు కోసం. మన వీధుల్లో అది లేనివాడు మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే ఆగిపోవాలి.

మళ్లీ ఐఫెల్‌కు వస్తే, ఈ బాట తన సుంకాన్ని టిక్కెట్టుతో సరిపెట్టుకోదు. చాలా చోట్ల బాట అంచుకూ ఇనుప కంచెకూ మధ్య కొద్దిపాటి గడ్డి మాత్రమే ఉన్నది. కారు తగిలి కంచె వంగితే దానిని సరిచేసే ఖర్చు నడిపినవాడిదే. బాట మూసివేయవలసివస్తే ఆ రుసుమూ అతడిదే. కారు బీమా ఇక్కడ చెల్లుతుందో లేదో ముందుగా చదువుకోనివాడు తరువాత తీరికగా చదువుకుంటాడు. బ్రూన్‌షెన్ అనే మలుపు పక్క గట్టు మీద మడత కుర్చీలు వేసుకొని కూర్చునే ప్రేక్షకులకు ఇదంతా తెలుసు. గొప్ప కారులో వచ్చి తడబడినవాడిని వారు జాలిగా చూస్తారు. పాతకారులో వచ్చి మలుపును ఒడుపుగా తీసుకున్నవాడికి చప్పట్లు కొడతారు.

ఆ ఒడుపుకు ఈ ఊరు కన్న బిడ్డ జబీనె ష్మిట్స్. నూర్బుర్గ్‌లో హోటలు నడిపే కుటుంబంలో పెరిగిన ఆమె 1996, 1997 సంవత్సరాల్లో ఇక్కడి 24 గంటల పందేన్ని జట్టుతో గెలిచింది. అంతకు ముందు ఏ స్త్రీకీ దక్కని విజయమది. టాక్సీగా నడిపే బీఎండబ్ల్యూ ఎం5లో యాత్రికులను కూర్చోబెట్టుకొని ఈ వలయాన్ని వేల మార్లు చుట్టివచ్చింది. ఒక బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమం కోసం ఫోర్డ్ ట్రాన్సిట్ అనే సామాన్ల వ్యానును 10 నిమిషాల 8 సెకన్లలో నడిపి చూపింది. ఆ వ్యానుకు రెక్క లేదు, ఉక్కు చట్రం లేదు. బాటలోని ప్రతి మిట్టా, ప్రతి పల్లమూ తెలిసిన చేతులు మాత్రం ఉన్నాయి. జీటీ3 కొనేవాడు కంపెనీని అడుగుతున్నదీ, కంపెనీ ఏ ధరకూ అమ్మలేనిదీ ఆ చేతులే.

2021 మార్చి 16న, 51వ ఏట, ఆమె క్యాన్సరుతో మరణించింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఉత్తర వలయపు మొదటి మలుపుకు ఆమె పేరు పెట్టారు. సుంకం చెల్లించి వచ్చిన ప్రతి కారూ, దాని ధర ఏదైనా, ఆ మలుపు దగ్గర వేగం తగ్గించవలసిందే.