గిరీశమును జూచి నవ్వితిమి

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడెను. మేము దానిని తరగతిలో చదువుచు గిరీశము మాటలకు కడుపుబ్బ నవ్వితిమి. వితంతు వివాహములను గూర్చి యుపన్యసించు నతడు శిష్యుడగు వెంకటేశమునకు చుట్ట కాల్చుట నేర్పెను. మాయమాటలతో బుచ్చమ్మను వెంట గొనిపోయెను. లోకము వేశ్యయని నిందించు మధురవాణి ఉపన్యాసములు చేయలేదు. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు అమ్మనీయకుండ కరటకశాస్త్రి పన్నిన యుపాయమునకు తోడ్పడెను.

మేమో, వక్తృత్వపు పోటీలో బాల్యవివాహములను ఖండించి బహుమానము లందితిమి. మాతో చదువుచుండిన బాలిక పెండ్లికై బడి మానినప్పుడు ఉపాధ్యాయులకైన చెప్పక మిన్నకుంటిమి. గిరీశమును జూచి నవ్విన మాకు ఆ దినము జ్ఞప్తికి వచ్చి తల వంగుచున్నది. మరల అట్టి సమయము వచ్చినచో మిన్నకుండము.