త్రాసు చెప్పని సంగతి

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన రోజుల్లో ఒక ఉపాధ్యాయుడిని పరీక్షించి, "మీ ఎత్తుకు తగిన బరువే ఉన్నారు, భయం లేదు" అని పంపించాను. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా ఆయన పొట్ట కాస్త ముందుకు వచ్చి ఉండేది. నాలుగేళ్ల తరువాత మానని కాలిపుండుతో వచ్చారు. అప్పటికే మధుమేహం ముదిరిపోయింది. ఆనాడు నేను త్రాసును నమ్మాను గాని ఆయన నడుము కొలవలేదు. ఆ పొరపాటు మీ విషయంలో జరగకూడదనే ఈ వ్యాసం.

కొవ్వును అంచనా వేయడానికి అందరూ వాడేది బి.ఎం.ఐ. కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. మనవారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. అయితే ఆ సంఖ్యకు కండకూ కొవ్వుకూ భేదం తెలియదు. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యూడ్కిన్ తమనే ఉదాహరణగా చూపుతూ 2004లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3 మాత్రమే. కొవ్వు మాత్రం యూడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

చర్మపు మడతను పట్టి కొలిచే కాలిపర్ చర్మం కింది కొవ్వునే చెబుతుంది. ఫలితం కొలిచేవారి చేతివాటాన్ని బట్టి మారుతుంది. వ్యాయామశాలల్లోని విద్యుత్ యంత్రం స్వల్ప ప్రవాహాన్ని పంపి శరీర నిరోధాన్ని కొలుస్తుంది. ఒంట్లో నీటి శాతం మారితే దాని లెక్కా మారుతుంది. పేస్‌మేకర్ ఉన్నవారు దాని జోలికి పోరాదు. డెక్సా స్కాన్ వీటికన్న నమ్మదగినదే గాని ఖర్చుతో కూడినది, అన్ని ఊళ్లలో దొరకదు.

కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వే మధుమేహానికి, గుండెజబ్బుకు ఎక్కువగా దారితీస్తుంది. దాని జాడ తెలుసుకోవడానికి దర్జీ వాడే టేపు చాలు. నిటారుగా నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. పొట్ట లోపలికి పీల్చి మిమ్మల్ని మీరు మోసగించుకోకండి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినా, ఎత్తులో సగం దాటినా, బరువు ఎంత ఉన్నా సరే, రక్తంలో చక్కెర, కొవ్వులు, రక్తపోటు పరీక్షించుకోండి. గర్భిణులకు ఈ కొలత వర్తించదు.

ఇకపై మీ వైద్యుడు బరువు మాత్రమే చూసి పంపితే, "నడుము కూడా కొలవండి" అని అడగండి. ఆనాడు ఆ ఉపాధ్యాయుడు నన్ను అడిగి ఉంటే బాగుండేదని నేటికీ అనుకుంటూ ఉంటాను.