మా తమ్ముడికి పడనివి

కిందటిసారి గోడ పత్రికలో అందరూ చెట్ల గురించీ, నీటి పొదుపు గురించీ రాశారు. నాకు అలాంటివి రాయడం రాదు. నేను మా తమ్ముడి తిండి గురించి రాస్తున్నాను. ఆదివారం అమ్మతో వాడు వచ్చినప్పుడు మీరంతా ఎత్తుకుని ముద్దు చేస్తారు, ఏదో ఒకటి చేతిలో పెడతారు. నేను గబుక్కున లాగేసుకుంటాను. "వీడు తమ్ముణ్ణి కూడా తిననివ్వడు, పిసినారి" అని కొందరు నవ్వారు. అందుకని రాస్తున్నాను.

మాది పెనుగంచిప్రోలు, మున్నేటి ఒడ్డు. 2022 నుంచి మా ఊరు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది గాని, నాన్న మాత్రం ఏ కాగితం మీదయినా కృష్ణా జిల్లా అనే రాస్తాడు. అమ్మానాన్నా పత్తి తీతకీ, మిరపకోతలకీ పోతారు. తమ్ముడు 2020లో పుట్టాడు. కరోనాకి స్కూళ్ళు మూసేశారు కదా, నేను ఇంట్లోనే ఉన్నాను. అందువల్ల వాణ్ణి సగం పెంచింది నేనే. చంకనేసుకుని తిరిగి తిరిగి నా నడుము ఒక పక్కకి వంగిందని నాయనమ్మ ఇప్పటికీ అంటుంది.

ఏడో నెలలో గేదె పాలు పట్టాము. కాసేపటికే మూతి చుట్టూ దద్దుర్లు లేచినయి. పెదవి వాచింది. తాగినదంతా కక్కేశాడు. దిష్టి అన్నారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. మళ్ళీ పట్టాము, మళ్ళీ అంతే. మేకపాలు మంచివని ఒకాయన చెప్పాడు. అవీ అంతే. ఆవు, గేదె, మేక పాలల్లో ప్రొటీన్లు దగ్గర దగ్గరగా ఉంటాయనీ, ఒకటి పడని పిల్లలకు మిగతావి కూడా చాలావరకు పడవనీ మాకు తర్వాత తెలిసింది. ఏడాది నిండినాక గుడ్డు పెడితే ఒళ్ళంతా దద్దుర్లు.

వేరుశనగ మాత్రం నేనే పెట్టాను. వాడికి రెండో ఏడు. నేను గుళ్ళు తింటుంటే చెయ్యి చాపాడు. ఒక గుండు నమిలి వాడి నోట్లో పెట్టాను. గొంతులోంచి పిల్లికూతలు మొదలయినయి, కళ్ళు వాచిపోయినయి, మెత్తగా వాలిపోయాడు. పక్కింటి మామయ్య బండి మీద ఆస్పత్రికి తీసుకుపోతే తొడకి సూది వేశారు. అది అడ్రినలిన్. కొంచెం సేపటికి వాడు ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే మా అమ్మ సంతోషంతో ఏడ్చింది. ఆ గుండు నేనే పెట్టానని చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు.

తరువాత విజయవాడలో పిల్లల డాక్టరు గారికి చూపించాము. వీపు మీద చుక్కలు పెట్టి సన్నగా గుచ్చారు. మూడు చోట్ల దోమ కుట్టినట్టు బొబ్బలు లేచినయి. పాలు, గుడ్డు, వేరుశనగ. మన ఒంట్లో క్రిములతో పోట్లాడే కాపలా ఉంటుంది కదా, అది ఈ తిండిని శత్రువు అనుకుంటుందట. మన వాచ్‌మన్ తాత ఒకసారి రాత్రిపూట మా నాన్నని దొంగ అనుకుని కర్ర ఎత్తలేదా, అట్లాగన్నమాట. అలర్జీ అనే మాటను 1906లో వియన్నా డాక్టరు ఫాన్ పిర్కే పెట్టాడు. మనకి అంతకు ముందు నుంచే "పడదు" అనే మాట ఉంది. నాకు ఇదే బాగుంటుంది.

నేను డాక్టరు గారి దగ్గర నిజం ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు పెట్టినందువల్ల రాలేదు బాబూ, ఉన్నది బయటపడిందంతే" అన్నారు. లండన్‌లో 640 మంది పసిపిల్లల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చిందట. దానిలో చిన్నప్పటి నుంచి వేరుశనగ తిన్న పిల్లలకే ఆ జబ్బు బాగా తక్కువగా వచ్చిందని చెప్పారు. అయితే ఒకసారి పడదని తేలిన పిల్లలకు ఇంట్లో అలవాటు చేయకూడదు, ప్రాణం పోతుంది. పాలు, గుడ్డు చాలామందికి పెద్దయ్యేకొద్దీ పడతాయట. వేరుశనగ ఐదుగురిలో ఒకరికి మాత్రమే.

మరి ఏమి తింటాడని మీరు అడుగుతారు. అన్నం, కందిపప్పు, మునగాకు, మున్నేటి చేపలు, బెల్లం వేసిన రాగి జావ. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలలో కూడా అంత లేదు. కష్టం వండటంలో లేదు, బయట ఉంది. హోటల్ ఇడ్లీలోకి పల్లీ చట్నీ. వంకాయ కూరలో పల్లీల పొడి. కేకులో గుడ్డు. బిస్కట్ పొట్లాల మీద పాలు, గుడ్డు, వేరుశనగ లాంటివి ఉంటే విడిగా రాయాలని 2020లో నిబంధన వచ్చింది. నాకు ఇంగ్లీషులో 38 మార్కులు గాని మిల్క్, ఎగ్, పీనట్ అనేవి ఎంత సన్నటి అక్షరాలయినా కనిపెడతాను. బండి మీద అమ్మే వాటికి ఏ కాగితమూ ఉండదు.

తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళలో నాయనమ్మ పాలపొంగలి చేస్తుంది. ప్రసాదం వద్దంటే అపచారమని ఒకసారి వేలితో నాకించి వాడి వాంతులు చూసింది. అప్పటినుంచి చిన్న గిన్నెలో పాలు లేకుండా, బెల్లం నీళ్ళతో వాడికి వేరే పొంగలి పెడుతుంది. అమ్మవారికి కూడా ముందు ఆ గిన్నే చూపిస్తుంది.

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగింది. నేను జ్వరంతో ఇంటికి వచ్చి ఉన్నాను. ఊరి చివర మా ఇంట్లోకి మొలలోతు నీళ్ళు వచ్చినయి. మెరక మీద ఒక డాబాలో నలభై మందిమి ఉన్నాము. వండుకునేందుకు ఏమీ లేదు. తమ్ముడు ఆకలికి ఏడ్చి ఏడ్చి అలిసిపోయాడు. సాయంత్రం ఎవరో పుణ్యాత్ములు ట్రాక్టరు మీద పులిహోర పొట్లాలు తెచ్చారు. ఒక పెద్దమ్మ తన పొట్లం విప్పి ముద్ద చేసి వాడి నోటి దగ్గర పెట్టింది. ముద్దలో గుడ్లు తేలినట్టు పల్లీలు. నేను ఆమె చేతి మీద కొట్టాను. ముద్దా, పొట్లమూ కిందపడి నీళ్ళలో కలిసినయి.

అంతమందీ నన్ను తిట్టారు. వరదలో అన్నం నేలపాలు చేస్తావా అన్నారు. నాన్న కూడా కొట్టబోయి, తమ్ముడి మూతి చూసి ఆగాడు. అప్పటికే అంచు తగిలి దద్దుర్లు లేచినయి. దద్దుర్ల సిరప్ అమ్మ కొంగుకి కట్టుకుని ఉంది, అది పట్టాము. ఊపిరి ఆడకపోతే సిరప్ చాలదు, అడ్రినలిన్ సూదే కావాలి. 108కి చేద్దామంటే అయితవరం దగ్గర హైవే మీదే నీళ్ళు, బండి ఎట్లా వస్తుంది? తెల్లవార్లూ వాడి గుండె మీద చెవి పెట్టుకుని కూర్చున్నాను, పిల్లికూతలు వస్తాయేమోనని. రాలేదు.

ఆ పెద్దమ్మతో నేను మాట్లాడలేకపోయాను. నీళ్ళు తీసినాక ఆమే మా ఇంటికి గిన్నెలో ఉప్పు వేసిన వట్టి అన్నం తెచ్చి, "ఇందులో ఏమీ కలపలేదయ్యా, చూసుకో" అన్నది.

వార్డెన్ గారికి ఒక మనవి. రెండేళ్ళలో వాడు కూడా ఇక్కడ చేరతానంటున్నాడు. వాడికి వేరే గరిటె, వేరే గిన్నె వీలవుతుందా, మన దగ్గర ఆ సూది వేయగలవాళ్ళు ఎంత దూరంలో ఉన్నారు అని నాన్న అడగమన్నాడు. నాకు ఎదురుగా అడగటానికి భయం వేసి ఇక్కడ రాశాను.

మొన్న ఆదివారం మన బషీర్ వాడికి చిక్కీ ఇవ్వబోయాడు. నేను దూరంగా ఉన్నాను, పరుగెత్తాను. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నాకు పడదన్నా. నువ్వు తినేసి, సబ్బుతో చేతులు కడుక్కుని రా, బంతి ఆడదాం" అన్నాడు. బషీర్ కుళాయి దగ్గరికి పోయాడు.

— 9వ తరగతి, బి సెక్షన్