బుజ్జాయిల సైకిల్ సవారీ

*చంటిపిల్లల్ని ఎక్కించుకుని సైకిలు తొక్కడం కొన్ని నగరాల్లో రోజూ జరిగే పని. పెట్టె బండ్లు, ట్రెయిలర్లు, ఆకుపచ్చ బకిల్ ఉన్న హెల్మెట్లు... ఒక్కోదాని వెనకా ఒక్కో కథ. ఆ ముచ్చట్లే ఇవి.*

ఉదయం ఏడున్నర. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని క్వీన్ లూయిస్ వంతెన మీద సైకిళ్లు బారులు తీరి వెళుతుంటాయి. ఆఫీసు బ్యాగులు, కూరగాయల సంచుల మధ్య అక్కడక్కడా మూడు చక్రాల బండ్లు. ముందు పెద్ద పెట్టె, అందులో బెల్టులు పెట్టుకుని కూర్చున్న ఒకరిద్దరు బుడతలు, వెనక తొక్కుతూ అమ్మో నాన్నో. వాన వస్తే పెట్టె మీద పారదర్శకమైన కవరు కప్పేస్తారు. పిల్లల్ని సంరక్షణ కేంద్రంలో దింపి అట్నుంచి అటే ఉద్యోగానికి వెళ్లిపోతారు. ఈ వంతెన మీదుగా రోజూ 40 వేలకు పైగా సైకిళ్లు వెళతాయి. ఇద్దరు, అంతకు మించి పిల్లలున్న కుటుంబాలను తీసుకుంటే ఈ నగరంలో దాదాపు నాలుగింట ఒక ఇంట్లో ఇలాంటి పెట్టె బండి ఉంటుంది!

పుట్టినరోజు కానుక

మొదట్లో ఈ పెట్టెల్లో ఎక్కింది పిల్లలు కాదు, సరకులు. 1920ల నాటికే డెన్మార్క్‌లో ముందువైపు పొడవాటి బల్ల ఉన్న 'లాంగ్ జాన్' సైకిళ్లు తయారయ్యేవి. కోపెన్‌హాగెన్ వీధుల్లో రొట్టెలు, పాలు, బొగ్గు... అన్నీ సైకిళ్ల మీదే ఇళ్లకు చేరేవి. సరకులు మోసే ఆ కుర్రాళ్లకు 1942 నుంచి ఏటా పందేలు కూడా పెట్టేవారు. మోటారు వ్యాన్లు వచ్చాక ఆ బండ్లు మూలనపడ్డాయి.

వాటికి మళ్లీ ఊపిరి పోసింది క్రిస్టియానియా. 1971లో ఖాళీగా పడి ఉన్న సైనిక బ్యారక్‌లను కొందరు యువకులు ఆక్రమించి, నగరం నడిమధ్యనే తమ సొంత పద్ధతుల్లో బతకడం మొదలుపెట్టారు. అదే క్రిస్టియానియా. అక్కడికి కార్లు రాకూడదన్నది వాళ్ల నియమం. మరి సామాన్లు తెచ్చుకునేదెలా? లార్స్ ఎంగ్‌స్ట్రామ్ అనే కమ్మరి 1984లో రెండు చక్రాల మధ్య చెక్కపెట్టె బిగించి, దాన్ని సైకిలుకు ముందువైపు అమర్చాడు. ప్రియురాలు ఆనీ లెర్కె పుట్టినరోజుకు ఇచ్చిన కానుక అది. చూసినవాళ్లంతా తమకూ ఒకటి కావాలన్నారు. కూరగాయలు మోసే పెట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టొచ్చని తల్లులు కనిపెట్టడానికి ఎంతోకాలం పట్టలేదు. 'క్రిస్టియానియా బండి' అంటే ఇప్పుడు ఆ నగరంలో తెలియనివాళ్లు లేరు.

పెట్టెనా... ట్రెయిలరా?

పెట్టె బండిలో పిల్లలు కళ్లెదుటే ఉంటారు. కబుర్లు చెప్పొచ్చు, టోపీ జారితే సరిచేయొచ్చు. కానీ బండి బరువు ఎక్కువ, ధర ఎక్కువ. మెట్లెక్కించి ఇంట్లో పెట్టుకునేది కాదు. ఇంట్లో ఉన్న సైకిలే చాలనుకునేవాళ్లు ట్రెయిలర్ కొంటారు. ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించినట్టు సైకిలు వెనక తగిలించే చిన్న గుడారం లాంటిది ఇది. అల్యూమినియం చట్రం, చుట్టూ గట్టి గుడ్డ, గాలికి మెష్ కిటికీ, ఇద్దరు పిల్లలకు సీట్లు. కొన్నింటికి ముందు చిన్న చక్రం బిగిస్తే తోపుడుబండిగానూ మారిపోతాయి.

ట్రెయిలర్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది దాన్ని సైకిలు వెనక చక్రం ఇరుసుకు కలిపే కీలు. అది ఎటైనా తిరిగేలా ఉండాలి. అలా ఉంటే సైకిలు పక్కకు ఒరిగి పడిపోయినా ట్రెయిలర్ మాత్రం రెండు చక్రాల మీద నిలబడే ఉంటుంది. కీలు ఊడినా బండి జారిపోకుండా అదనంగా ఒక పట్టీ ఉండాలి. రెండు భుజాలు, నడుముకు రెండువైపులా, కాళ్ల మధ్య... ఇలా అయిదుచోట్ల పట్టి ఉంచే బెల్టు తప్పనిసరి. వెనక చక్రం ఎగజిమ్మే బురద, గులకరాళ్లు ముఖాన పడకుండా ముందు తెర వేసే ఉంచాలి.

లోపాలూ ఉన్నాయి. ట్రెయిలర్ ఎత్తు తక్కువ. లారీ, బస్సు డ్రైవర్ల కంట పడదు. అందుకే వెనక పొడవాటి కర్రకు ముదురు నారింజ రంగు జెండా కడతారు, చీకటి పడితే ఎర్రదీపం వెలిగిస్తారు. సైకిలు కన్నా వెడల్పు ఎక్కువ కాబట్టి సందు చూసి దూరిపోవడం కుదరదు. మలుపులో అది లోపలి అంచుకు దగ్గరగా వస్తుంది. ఒక చక్రం గట్టెక్కిందంటే తిరగబడొచ్చు. కొత్తగా కొన్నవాళ్లు పిల్లల్ని ఎక్కించే ముందు ఓ పది పదిహేను కిలోల బియ్యం బస్తా వేసుకుని, ఖాళీ మైదానంలో నాలుగు రోజులు తిరగడం మేలు. బ్రేకు వేస్తే ఎంతదూరంలో ఆగుతోందో, మలుపులో ఎటు లాగుతోందో బస్తాయే చెబుతుంది.

జర్మనీలో దీనికి స్పష్టమైన నిబంధనలే ఉన్నాయి. ట్రెయిలర్‌లో ఇద్దరికి మించి ఎక్కించకూడదు. వాళ్లు ఏడేళ్లలోపు పిల్లలై ఉండాలి. తొక్కేవారికి కనీసం 16 ఏళ్లు నిండాలి. ఇక, పేరున్న బండే కదా అని ధీమా పడటానికీ లేదు. ఫ్రేములు విరుగుతున్నాయన్న ఫిర్యాదులతో 2024 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్ అధికారులు ఓ ప్రముఖ సంస్థ పెట్టె సైకిళ్ల అమ్మకాలనే ఆపించారు. పాతబండి కొనేవాళ్లు రంగు కన్నా ముందు వెల్డింగ్ అతుకులు చూడాలన్నమాట.

మెడ నిలిచాకే...

ఎన్నో నెల నుంచి ఎక్కించొచ్చు? ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఇది. అప్పుడే పుట్టిన శిశువు పొడవులో పావు వంతు తలే ఉంటుంది. అంత తలను మోయాల్సిన మెడ కండరాలేమో లేతగా ఉంటాయి. దానిమీద హెల్మెట్ బరువు, కింద రోడ్డు కుదుపులు... అందుకే ఏడాది నిండని పిల్లల్ని సైకిలు మీద గానీ ట్రెయిలర్‌లో గానీ తీసుకెళ్లొద్దని అమెరికా పిల్లల వైద్యులు గట్టిగా చెబుతారు. డెన్మార్క్, నెదర్లాండ్స్ అలవాట్లు వేరు. కార్లలో వాడే శిశువుల సీటును పెట్టె బండిలో బిగించి, నెలల పిల్లల్ని కూడా తీసుకెళ్లే తల్లిదండ్రులు అక్కడ కనిపిస్తారు. వాళ్ల దారులు నున్నగా ఉంటాయి, బండ్లు నెమ్మదిగా వెళతాయి. గుంతల దారిలో అదే పని చేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. పిల్లలు ఆసరా లేకుండా చాలాసేపు కూర్చోగలగాలి. హెల్మెట్ పెట్టినా తల నిటారుగా నిలపగలగాలి. అంతవరకూ ఆగి, పిల్లల డాక్టరును అడిగాకే ఎక్కించడం క్షేమం.

ఆకుపచ్చ బకిల్ కథ

కోపెన్‌హాగెన్ నుంచి రైలెక్కితే ముప్పావుగంటలో సముద్రం దాటి స్వీడన్‌లోని మాల్మో చేరొచ్చు. 2000లో ప్రారంభమైన ఓరెసుండ్ వంతెన ఈ రెండు ఊళ్లనూ కలిపింది. హెల్మెట్ల విషయంలో మాత్రం ఆ ఒడ్డు వేరు, ఈ ఒడ్డు వేరు. స్వీడన్‌లో 2005 జనవరి 1 నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. వెనక కూర్చున్న పాపాయి తల మీద అది లేకపోతే తొక్కేవాళ్లకు జరిమానా పడుతుంది. డెన్మార్క్‌లో అలాంటి చట్టం లేదు. అయినా బడి పిల్లల్లో ఎక్కువమంది పెట్టుకునే వెళతారు. చట్టం చేయించినా, అలవాటు చేయించినా చివరికి చూడాల్సింది ఒక్కటే. అది తలకు సరిగ్గా పట్టిందా లేదా?

హెల్మెట్ లోపల ఉండేది థర్మాకోల్ జాతి నురగే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి, ఆ జోరు తలకు చేరకుండా తాను మింగేస్తుంది. ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. పైకి గీత కూడా లేకపోయినా గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పారేయాల్సిందే. ఎవరో వాడినది కొనకపోవడమే మంచిది.

కొనేముందు టేపుతో తల చుట్టుకొలత తీసుకోవాలి. కొలత కనుబొమల పైనుంచి వెళ్లాలి. పసిపిల్లల హెల్మెట్లు ఇంచుమించు 44 సెంటీమీటర్ల నుంచి దొరుకుతాయి. 'పెరుగుతాడులే' అని చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనకూడదు. హెల్మెట్ అంచుకూ కనుబొమకూ మధ్య రెండు వేళ్ల దూరం చాలు. పట్టీలు చెవి కింద కలవాలి. గడ్డం కింద ఒక వేలు పట్టాలి. పిల్లాడిని పెద్దగా ఆవులించమంటే హెల్మెట్ నెత్తిని కాస్త కిందికి లాగాలి. తల అటూ ఇటూ ఊపినా జారకూడదు. ట్రెయిలర్‌లో కూర్చునే పిల్లలకైతే వెనకభాగం చదునుగా ఉన్నది వెతకాలి. ఉబ్బెత్తుగా ఉంటే సీటుకు తగిలి, గడ్డం ఛాతీకి ఆనేలా తలను ముందుకు నెట్టేస్తుంది.

ఐరోపాలో మామూలు సైకిల్ హెల్మెట్ ప్రమాణం ఈఎన్ 1078. చిన్నపిల్లలకు ఈఎన్ 1080 అని మరొకటుంది. దీని పట్టీకి ఆకుపచ్చ బకిల్ ఉంటుంది. ఇది ఎందుకొచ్చిందో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. సైకిలు దిగాక హెల్మెట్ తీయకుండానే ఆటస్థలంలో నిచ్చెనలెక్కిన పిల్లలు, కమ్మీల మధ్య హెల్మెట్ ఇరుక్కుని పట్టీకి వేలాడారు. తలను కాపాడాల్సిన వస్తువే ఉరితాడైంది. అందుకే శరీరం బరువు పడితే దానంతటదే ఊడిపోయే బకిల్ తెచ్చారు. అది ఉన్నా లేకపోయినా, సైకిలు దిగగానే హెల్మెట్ తీయించడం అమ్మానాన్నల పనే.

రోడ్డు మారితేనే

విచిత్రమేమిటంటే, సైకిలు తొక్కడంలో ప్రపంచానికే ముందున్న నెదర్లాండ్స్‌లో హెల్మెట్లు కనిపించేది తక్కువ. వాళ్లు పిల్లల్ని వేరే దారిలో కాపాడుకున్నారు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలే. కూతుర్ని పోగొట్టుకున్న పాత్రికేయుడు విక్ లాంగెన్‌హాఫ్ 1972లో రాసిన వ్యాసం శీర్షిక- 'పిల్లల హత్యలు ఆపండి'. అదే ఉద్యమం పేరైంది. తల్లిదండ్రులు రోడ్లకు అడ్డంగా కూర్చున్నారు. పిల్లలతో కలిసి ఊరేగింపులు తీశారు. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం వచ్చి, కార్లు లేని ఆదివారాలు ఎలా ఉంటాయో జనానికి చూపించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో సైకిళ్లకు విడిగా దారులు వేశారు, ఇళ్ల మధ్య వాహనాల వేగానికి కళ్లెం వేశారు.

కోపెన్‌హాగెన్‌లోనూ సైకిల్ దారికి, కార్ల దారికి మధ్య గట్టు ఉంటుంది. కొన్ని ముఖ్యమైన వీధుల్లో రద్దీ వేళ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కుతూ వెళితే వరసగా పచ్చదీపాలే ఎదురొస్తాయి. పాపాయిని పెట్టెలో కూర్చోబెట్టుకున్న తల్లి ధైర్యానికి సగం కారణం ఆ గట్టు, ఆ వేగమే.

మన వీధుల్లో...

సైకిలు కడ్డీ మీద చిన్న సీటు బిగించి, పిల్లాడిని ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన నాన్నలు తెలుగునాట ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వెనక క్యారియర్ మీద కూర్చుని చక్రం పుల్లల్లో పాదం ఇరుక్కుని గాయపడిన పిల్లలకూ కొదవలేదు. చక్రానికి అడ్డుగా జల్లెడ లాంటి కవచం, కాళ్లు పెట్టుకోవడానికి పాదపీఠం... ఈ రెండూ ఉంటే ఆ బాధ తప్పుతుంది. ఖర్చూ పెద్దగా ఉండదు.

మోటారు సైకిళ్ల మీద వెళ్లే చిన్నపిల్లల కోసం కేంద్రం 2022లో తెచ్చిన నిబంధనలు 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాయి. నాలుగేళ్లలోపు పిల్లల్ని నడిపేవారికి కలిపి ఉంచే బెల్టు ఉండాలి. తొమ్మిది నెలలు నిండినవారికి తలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హెల్మెట్ ఈఎన్ 1080 లాంటి ప్రమాణాలున్న సైకిల్ హెల్మెట్ అయినా సరేనన్నారు. అంటే ఐరోపా ఆటస్థలాల్లో పుట్టిన ఆకుపచ్చ బకిల్, మన రూల్ పుస్తకం దాకా వచ్చిందన్నమాట!

ట్రెయిలర్ల సంగతి వేరు. లారీలు, ఆటోల మధ్య మోకాలెత్తు బండిలో పాపాయిని లాక్కెళ్లడం సాహసం అనిపించుకోదు, తొందరపాటు అవుతుంది. ఆ సరదా తీరాలంటే పెద్ద పార్కులు, విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, గేటున్న కాలనీలే నయం. హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారిని 2023 అక్టోబరులో ప్రారంభించారు. పెద్దల వ్యాయామం కోసమే అయినా, వాహనాలకు దూరంగా సైకిలు తొక్కడం ఎలా ఉంటుందో అలాంటి దారులు చూపిస్తాయి. పిల్లలు బడికీ బజారుకూ వెళ్లే వీధుల్లోనూ అవి వచ్చిన రోజు ట్రెయిలర్లు వాటంతటవే వస్తాయి. ఈలోపు ఇంట్లో ఉన్న హెల్మెట్ బుజ్జాయి తలకు సరిపోయిందో లేదో చూసుకోవడానికి మాత్రం ఏ దారీ వేయనక్కర్లేదు... రెండు వేళ్లు చాలు!