940 తర్వాత 1

"అన్నా, నావి 940 ట్రిప్పులుండాలి. 1 అని చూపిస్తోంది. వెయ్యికి బోనస్ అన్నారు కదా."

సపోర్ట్ వాళ్లు యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాడు. అప్పుడూ 1. టికెట్ చేతులు మారి నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు రోజులు గడిచాయి, ఆ 1 కాస్తా 23 అయింది.

లెక్కపెట్టేది నేను రాసిన క్వెరీనే. ఫ్లింక్‌లో నడుస్తుంది. (జర్మన్‌లో ఆ మాటకి చురుకైనది అని అర్థం.) చూడ్డానికి కాలేజీలో నేర్చుకున్న ఎస్‌క్యూఎల్‌లాగే ఉంటుంది: ఆర్డర్‌నీ డెలివరీనీ కలుపు, రైడర్ వారీగా లెక్కపెట్టు. మామూలు క్వెరీ టేబుల్ చదివి, జవాబు చెప్పి, వెళ్లిపోతుంది. ఇది వెళ్లదు. ట్రిప్పు వచ్చినప్పుడల్లా పాత లెక్కకి ఒకటి కలిపి కొత్త అంకె రాస్తుంది. కలపాలంటే పాత లెక్క గుర్తుండాలి కదా, ఆ జ్ఞాపకాన్ని స్టేట్ అంటాం.

మనం చెప్పకపోతే ఫ్లింక్ దేన్నీ మరిచిపోదు. ఎప్పుడో తిని మరిచిపోయిన బిర్యానీ ఆర్డర్ కూడా స్టేట్‌లో ఉంటుంది. అలా పేరుకుపోయి చెక్‌పాయింట్లు టైమవుట్ అవుతుంటే, 30 రోజుల గడువు పెట్టాను. ఏ ఆర్డరైనా గంటలో తేలిపోతుంది, 30 రోజులంటే ధారాళమే అనుకున్నాను. కానీ ఆ సెట్టింగ్ మొత్తం క్వెరీకి వర్తిస్తుంది. ఆర్డర్ల గురించి ఆలోచించాను గానీ, కింద అదే క్వెరీలో మనుషుల లెక్క కూడా ఉందని తట్టలేదు. గడువు పెడితే ఫలితం తప్పొచ్చని డాక్యుమెంటేషన్‌లో ఉంది. చదివాను కూడా.

అతను వానలో బండి జారి పడ్డాడు, మా ఆర్డర్ మీద వెళ్తూనే. కాలికి కట్టు, 42 రోజులు ఇంట్లో. ముప్పై రోజులు దాటాక అతని లెక్క స్టేట్‌లోంచి పోయింది. పోయిందని ఫ్లింక్ ఎవరికీ చెప్పదు. డేటాబేస్‌లో 940 అలాగే ఉంది. మంచం మీద పడుకుని యాప్ తెరిచినా అదే కనబడేది. కట్టు విప్పి, మొదటి ట్రిప్పు ఇచ్చాక, ఫ్లింక్‌కి అతను కొత్తవాడు. 1 అని రాసింది, అది 940 మీద పడింది. పనికి రాకపోయుంటే లెక్క తప్పేది కాదు. ఎర్రర్ లేదు, అలర్ట్ లేదు, డాష్‌బోర్డంతా పచ్చగా ఉంది.

వెతికితే ఇలాంటివాళ్లు ఇంకో 61 మంది తేలారు. ఒక్కరూ టికెట్ పెట్టలేదు. ఒకరిద్దరికి ఫోన్ చేస్తే, "ఊరెళ్తే లెక్క మళ్లీ మొదలవుద్దేమో అనుకున్నాం సార్" అన్నారు.

పాత ట్రిప్పులన్నీ వేర్‌హౌస్‌లో ఉన్నాయి కాబట్టి ఆ రాత్రే అందరి లెక్కా సరిచేశాను. క్వెరీని రోజువారీ విండోలుగా మార్చాను: రోజు ముగిస్తే ఆ రోజు లెక్క రాసేసి, స్టేట్ వదిలేస్తుంది. రోజుల్ని కూడుకోవడం డేటాబేస్ పని. ఆలస్యంగా వచ్చే ట్రిప్పుల గొడవ వేరే ఉంది, అదింకా తెమల్లేదు.

రిపోర్టులో కారణం అన్న గడిలో 'స్టేట్ గడువు' అని రాశాను. సపోర్ట్ వాళ్లు అతనికి 'సాంకేతిక సమస్య' అని పంపారు.

"ఓకే అన్నా, 963 వచ్చింది" అని జవాబిచ్చాడు. ఆ రోజు ఇంకో తొమ్మిది ట్రిప్పులు ఇచ్చాడు. లాగ్స్‌లో చూశాను.