దాచుకోవలసిన జబ్బు కాదు

పలాస, టెక్కలి ప్రాంతాల్లో వైద్యుడిగా పనిచేసిన కాలంలో నన్ను బాధపెట్టింది కిడ్నీ జబ్బు ఒక్కటే కాదు. దాన్ని దాచిపెట్టే అలవాటు కూడా. "బాబూ, ఊళ్లో తెలియనీయకండి, పిల్లకు సంబంధాలు రావు" అని జీడిపప్పు కార్మికులు, కొబ్బరి రైతులు ప్రాధేయపడేవారు. "డయాలసిస్ అంటే ఇక అంతే కదా" అని మరికొందరు నిట్టూర్చేవారు. ఈ రెండు భయాలకూ సమాధానంగా కొందరు అమెరికన్ల కథ మీకు చెప్పాలని ఉంది.

డయాలసిస్ యంత్రం 1940లలోనే వచ్చింది. కానీ ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని కోయవలసి రావడంతో, కొద్ది విడతలకే నాళాలు అయిపోయేవి. 1960లో సియాటిల్ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్, రోగి చేతిలోని ధమనినీ సిరనూ కలుపుతూ ఎప్పటికీ ఉండిపోయే గొట్టాన్ని ఊహించారు. ఇంజనీరు వేన్ క్వింటన్ దాన్ని టెఫ్లాన్‌తో రూపొందించారు. దాన్ని తొలిసారి అమర్చుకున్న క్లైడ్ షీల్డ్స్ అనే కార్మికుడు మరో పదకొండేళ్లు జీవించాడు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన సంగతి మీకు తెలుసు. అవే పోటీల్లో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన జట్టులో అలోంజో మోర్నింగ్ ఉన్నాడు. ఇంటికి తిరిగి వెళ్లిన కొద్ది రోజులకే అతని కిడ్నీల వడపోత దెబ్బతింటోందని పరీక్షల్లో తేలింది. అంతటి దేహదారుఢ్యం కలవాడిలోనూ జబ్బు చాటుగా పెరిగింది. అతడు దాచలేదు, లోకానికి చెప్పాడు. 2003లో ఒక బంధువు కిడ్నీ ఇచ్చాడు. 2006లో అతని మయామి జట్టు జాతీయ విజేత అయింది.

షెప్ గ్లేజర్ అనే రోగి ఇంకా ముందుకు వెళ్లాడు. 1971లో అమెరికా పార్లమెంటు సంఘం ఎదుటే డయాలసిస్ చేయించుకున్నాడు. మరుసటి ఏడాది, వయసుతో నిమిత్తం లేకుండా కిడ్నీ విఫలమైన రోగుల్లో అత్యధికులకు ప్రభుత్వ బీమా కల్పించే చట్టం వచ్చింది. ఆ ఒక్కడి సాహసమే కారణమని అనను. కానీ కంటికి కనబడిన బాధను కాదనడం పాలకులకు కష్టం.

ఉద్దానంలోనూ రోగులు, వారి కుటుంబాలు నోరు విప్పిన తరువాతే మంచినీరు, డయాలసిస్ ప్రభుత్వాల ముందుకు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బుకు మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అందుకే ముందుగా కనిపెట్టడమే మన చేతిలో ఉన్న ఆయుధం.

కాబట్టి పాఠక మిత్రులారా, ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. రక్తపోటు, చక్కెర అదుపులో ఉంచుకోండి. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి మాత్రలు మింగకండి. ఫలితం ఎలా ఉన్నా, ముందు ఇంట్లోవారికి చెప్పండి. మోర్నింగ్‌కు కిడ్నీ ఇచ్చింది బంధువే. చెప్పకపోతే ఆ బంధువుకు మాత్రం ఎలా తెలుస్తుంది?